ముందు మెట్లు, తర్వాతే గ్లాసు: బోర్డో నుంచి సెయింట్ ఎమిలియన్‌కు ఒక్కరోజు ప్రయాణం

బోర్డోకి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, డోర్డోన్ నదికి ఉత్తరాన, సున్నపురాయి గుట్ట అంచున ఉన్న ఊరు సెయింట్ ఎమిలియన్. చుట్టూ కనుచూపు మేర ద్రాక్షతోటలు, మధ్యలో రాతి గోడలు, రాతి సందులు, కొండను తొలిచి కట్టిన చర్చి. ఈ ఊరినీ, దీని కిందికి వచ్చే చుట్టుపక్కల గ్రామాలనూ 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ద్రాక్షతోటల ప్రాంతాన్ని సాంస్కృతిక భూదృశ్యంగా గుర్తించడం అదే మొదలు. కారు, డ్రైవరు మాట్లాడుకుని పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడానికి ఇంత అనువైన చోటు ఫ్రాన్సులో మరొకటి దొరకడం కష్టం.

అయితే అమ్మకానికి దొరికే ప్యాకేజీల్లో చాలావాటిది ఒకటే వరస. పది గంటలకు ఒక వైన్ ఎస్టేట్, పదకొండున్నరకు ఇంకొకటి, భోజనం, మూడోది, చివర్లో ఊరికి ఒక గంట. ఈ వరస తలకిందులైంది. ఊళ్లోని సందులు నిట్టనిలువుగా ఉంటాయి. వందల ఏళ్ల నడకతో రాళ్లు నున్నబడిపోయాయి. గంట గోపురం ఎక్కాలంటే 196 మెట్లు. ఇవన్నీ ఆరేడు రకాల వైన్ తాగాక, ఎండలో, కాళ్లు లాగుతున్నప్పుడు చేయాల్సిన పనులు కావు. పైగా మధ్యాహ్నానికి టూరిస్టు బస్సులు దిగిపోయి సందులు కిక్కిరిసిపోతాయి. అందుకే ఊరు పొద్దున్నే చూడాలి, వైన్ ఆ తర్వాత. ఎస్టేట్లు రెండు చాలు, మూడు వద్దు. కిందిదంతా ఈ లెక్క ప్రకారమే.

మొదట బుక్ చేయాల్సింది చర్చి

రోజంతా ఒక్క మేకు మీద వేలాడుతుంది. అది ఏకశిలా చర్చి చూసే సమయం. 12వ శతాబ్దం మొదట్లో కొండను లోపలి నుంచి తొలిచి చేసిన ఈ చర్చి 38 మీటర్ల పొడవు, 12 మీటర్ల ఎత్తు ఉంటుంది. సొంతంగా లోపలికి పోనివ్వరు. పర్యాటక కార్యాలయం నడిపే గైడ్ టూరులోనే వెళ్లాలి. టూరు ముప్పావు గంట పడుతుంది. ఫ్రెంచిలో రోజుకు చాలాసార్లు ఉంటుంది కానీ ఇంగ్లిషులో తక్కువ, ఆ సమయాలు కూడా కాలాన్ని బట్టి మారుతుంటాయి. కాబట్టి కారు కంటే ముందు, ఎస్టేట్ల కంటే ముందు, పర్యాటక కార్యాలయం వెబ్‌సైటులో ఇంగ్లిష్ టూరు సమయం చూసి టికెట్ తీసుకోండి. మిగతా రోజును దాని చుట్టూ అల్లండి.

పొద్దున టూరు దొరికితే అదృష్టం. ఇంగ్లిష్ టూరు మధ్యాహ్నం రెండు గంటలకే ఉందనుకోండి, అప్పుడూ ఊరి పై భాగం, గోపురం పొద్దున్నే పూర్తి చేసి, ఒక ఎస్టేటు చూసి, ఊళ్లో భోజనం చేసి చర్చికి వెళ్లండి. రెండో ఎస్టేటును సాయంత్రం నాలుగింటికి పెట్టుకోవచ్చు. టూరుకు పది నిమిషాలు ముందే చేరాలి. గుంపు లోపలికి వెళ్లి తలుపు వేశాక మధ్యలో కలవడం కుదరదు.

డ్రైవరా, డ్రైవర్-గైడా?

ప్రైవేట్ టూరు ధరలో పెద్ద తేడా వచ్చేది ఇక్కడే. కారు నడిపేవాడు మాత్రమే కావాలా, దారి పొడవునా తోటల గురించి చెప్పే గైడు కూడా కావాలా అన్నది ముందే తేల్చుకోండి. ప్రతి ఎస్టేటులోనూ వాళ్ల మనిషే తిప్పి చూపిస్తాడు, చర్చిలో పర్యాటక కార్యాలయం గైడు ఉంటాడు. ఈ రెండూ పోతే డ్రైవర్-గైడు మాట్లాడేది కారులో గడిపే రెండు గంటలు, ఊళ్లో నడిచే గంట మాత్రమే. వైన్ గురించి ఇప్పుడే తెలుసుకుంటున్నవాళ్లకు ఆ మూడు గంటలు నిజంగా పనికొస్తాయి. కొంత చదువుకుని వచ్చేవాళ్లకు ఇంగ్లిష్ మాట్లాడే మంచి డ్రైవరు చాలు, మిగిలిన డబ్బు మంచి సీసా మీద పెట్టుకోవచ్చు.

ఫ్రాన్సులో ఇలాంటి అద్దె కార్ల డ్రైవర్లను వీటీసీ అంటారు. వాళ్ల దగ్గర వృత్తి కార్డు ఉండాలి, కారు అద్దం మీద ఎర్రటి అధికారిక స్టిక్కర్ ఉండాలి, ప్రయాణం ముందుగా బుక్ అయి ఉండాలి. వీధిలో నిలబడి చెయ్యెత్తితే ఆగే హక్కు టాక్సీలకే ఉంది. వీటీసీ కార్డు లేని మనిషి తక్కువ ధర చెప్పాడని ఒప్పుకోకండి, ప్రమాదం జరిగితే ప్రయాణికుల బీమా వర్తించకపోవచ్చు.

ధర చెప్పమని రాసేటప్పుడు ఈ సంగతులు విడివిడిగా అడగండి: ఎన్ని గంటలకు, ఎన్ని కిలోమీటర్లకు, దాటితే గంటకు ఎంత, రుచి చూసే రుసుములు కలిపా విడిగానా, భోజనం కలిపా, ఎస్టేట్ల పేర్లేమిటి, రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు వరకు డబ్బు తిరిగిస్తారు. ఎస్టేట్ల పేరు చెప్పకుండా ‘ప్రసిద్ధ గ్రాన్ క్రూ షాటో’ (ఏదో పేరున్న వైన్ ఎస్టేటు అన్న అర్థంలో) అని మాత్రం రాసి ఉంటే జాగ్రత్త. ఆ రోజు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి, లేదా కొన్న ప్రతి సీసాకూ కమీషన్ ఇచ్చేచోటికి తీసుకెళ్లే అవకాశం ఉంటుంది. పేర్లు రాతపూర్వకంగా తీసుకోండి.

పదేళ్ల లోపు పిల్లలుంటే వయసు, బరువు చెప్పి పిల్లల సీటు ముందే అడగాలి. ఫ్రెంచి చట్టం ప్రకారం అది తప్పనిసరి. అప్పటికప్పుడు అడిగితే దొరకదు.

కారు అద్దెకు తీసుకుని మీరే నడుపుకోవచ్చు కదా అంటే, కుదురుతుంది, కానీ ఆ నడిపే మనిషికి ఆ రోజు వైన్ లేదు. ఫ్రాన్సులో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్, కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లకు 0.2. లెక్క చూడండి. ఒక్కో ఎస్టేటులో మూడు వైన్లు, ఒక్కోటీ 4 సెంటీలీటర్ల చొప్పున పోస్తే 12 సెంటీలీటర్లు. రెండు ఎస్టేట్లకు 24. ఇక్కడి వైన్ 14 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి అది 27 గ్రాముల శుద్ధ ఆల్కహాల్. భోజనంలో ఒక గ్లాసు కలిస్తే 40 గ్రాములు, అంటే ఫ్రెంచి కొలత ప్రకారం నాలుగు ప్రామాణిక గ్లాసులు. మింగితే పరిమితి దాటడానికి అది చాలు.

రైలు కూడా ఉంది. బోర్డో సెయింట్ జాన్ స్టేషన్ నుంచి ప్రాంతీయ రైలు అరగంట పైచిలుకులో చేరుస్తుంది. కానీ స్టేషను ఊరికి కిలోమీటరున్నర దూరంలో తోటల మధ్య ఉంటుంది, రైళ్లు తక్కువ, ఎస్టేట్లు చెల్లాచెదురుగా ఉంటాయి. ఊరొక్కటే చూడాలంటే రైలు బాగానే సరిపోతుంది, తోటలు కూడా చూడాలంటే కారు ఉండాలి. ఊళ్లో దిగాక డ్రైవరును పంపించేసి, సాయంత్రం యాప్‌లో ఇంకో కారు పిలుద్దామనుకోకండి. ఆ పల్లెలో టాక్సీ దొరకడం గగనం.

పారిస్ నుంచి వచ్చేవాళ్లకు కూడా ఒక్కరోజులో ఇది సాధ్యమే. 2017లో కొత్త హైస్పీడ్ లైను వచ్చాక మోంపర్నాస్ స్టేషన్ నుంచి బోర్డోకి వేగవంతమైన రైలు రెండు గంటల పైన కొద్ది నిమిషాల్లో వస్తుంది. పొద్దున ఏడు లోపు బయల్దేరే రైలు పట్టుకోండి. కొన్ని రైళ్లు లిబోర్న్‌లో ఆగుతాయి. అక్కడి నుంచి సెయింట్ ఎమిలియన్ ఎనిమిది కిలోమీటర్లే కాబట్టి డ్రైవరును లిబోర్న్‌కే రమ్మంటే అరగంట కలిసొస్తుంది. బోర్డోలో దిగితే స్టేషన్‌కి రెండు వైపులా ద్వారాలున్నాయి. ఏ హాలు ముందు కలుస్తారో ముందురోజే మెసేజ్‌లో రాయించుకోండి.

ఏ నెల, ఏ వారం

మంగళ, బుధ, గురువారాలు అన్నిటికన్నా మేలు. ఆదివారం, సోమవారం చాలా ఎస్టేట్లు సందర్శకులను తీసుకోవు, తీసుకున్నా చిన్న యజమానులు ఉండరు. మే నెలలో సెలవులు వరసగా వస్తాయి. 1వ తేదీ, 8వ తేదీ, ఆపైన అసెన్షన్ (ఏసు స్వర్గారోహణ పండుగ) గురువారం. ఆ వారాల్లో తలుపులు మూసి ఉంటాయని అనుకునే ప్లాన్ వేసుకోండి. ఏప్రిల్‌లో ఒక వారం ప్రపంచం నలుమూలల నుంచి కొనుగోలుదారులు, విమర్శకులు కొత్త వైన్‌ను పీపాల నుంచే రుచి చూడడానికి వస్తారు. ఆ వారం పేరున్న ఎస్టేట్లేవీ మామూలు సందర్శకులకు సమయం ఇవ్వవు. తేదీలు ముందే ప్రకటిస్తారు, చూసుకోండి.

మే చివర నుంచి జూన్ చివర వరకు తోటలు పచ్చగా, పగలు పొడవుగా, ఎండ భరించదగ్గదిగా ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో వేడీ జనమూ రెండూ ఎక్కువే. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటి వారాల వరకు కోతలు. తొట్టెల్లోకి ద్రాక్ష దిగడం, కాడలు తీయడం, పులుస్తున్న రసం వాసన, ఇవన్నీ కళ్లారా చూడొచ్చు. కానీ ఎస్టేటు వాళ్లకు ఊపిరి సలపదు, సందర్శన కుదించేస్తారు, వర్షం సూచన ఉంటే రద్దు కూడా చేస్తారు. వైన్ తయారీ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు కోతల కాలం, హాయిగా తిరగాలనుకునేవాళ్లకు జూన్. జనవరిలో ఊళ్లో సగం హోటళ్లు మూసి ఉంటాయి. అయితే తీగల కత్తిరింపు దగ్గర నుంచి చూడాలంటే ఆ చలికాలమే సమయం.

రెండు షాటోలు ఎలా ఎంచుకోవాలి

ఇక్కడ షాటో అంటే కోట అనుకోకండి. తోట, వైన్ తయారీశాల, పీపాల గది ఉన్న ఏ ఎస్టేటునైనా అలాగే పిలుస్తారు. కొన్ని మామూలు పల్లెటూరి ఇళ్లలాగే ఉంటాయి.

పేరును బట్టి కాకుండా నేలను బట్టి ఎంచుకోండి. సెయింట్ ఎమిలియన్‌లో నేల కొన్ని కిలోమీటర్లకే మారిపోతుంది. ఊరి చుట్టూ సున్నపురాయి పీఠభూమి, దాని అంచుల్లో సున్నం కలిసిన బంకమట్టి వాలులు, పడమర పక్క వైన్ ప్రాంతమైన పొమెరోల్ సరిహద్దు దగ్గర గులకరాళ్ల నేల, దక్షిణాన నది వైపు ఇసుక. పీఠభూమి మీద మెర్లో ద్రాక్ష రాజ్యమేలుతుంది. గులకరాళ్ల మీద ఫిజాక్, షెవాల్ బ్లాంక్ లాంటి ఎస్టేట్లు కాబెర్నే ద్రాక్షను పెద్ద పాళ్లలో పెంచుతాయి. ఒక ఎస్టేటు పీఠభూమి నుంచి, ఇంకొకటి పడమటి గులకరాళ్ల నుంచి తీసుకుంటే, సాయంత్రం రెండో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే తేడా మీకే తెలుస్తుంది. ఒకే వాలు మీద ఉన్న మూడు ఎస్టేట్లు చూస్తే మూడుసార్లు అవే స్టీలు తొట్టెలు, అవే 225 లీటర్ల ఓక్ పీపాలు కనిపిస్తాయి తప్ప కొత్తగా ఏమీ తెలియదు.

ఒకటి భూగర్భ గనులున్నదైతే మరీ మంచిది. ఈ ఊరినీ, బోర్డోలోని ఎన్నో భవనాలనూ కట్టిన సున్నపురాయిని ఇక్కడి నేలకింద నుంచే తవ్వారు. ఆ ఖాళీ గదుల్లోనే ఇప్పుడు పీపాలు నిలవ చేస్తారు. క్లో ఫుర్తే, బోసెజూర్ బెకో, విల్‌మోరిన్ లాంటి ఎస్టేట్ల కింద ఇలాంటి గుహలున్నాయి. ఎండాకాలంలో కూడా లోపల 13, 14 డిగ్రీలే, తేమ విపరీతం. శాలువా గానీ స్వెట్టర్ గానీ కారులో వదిలేయకుండా చేతిలో ఉంచుకోండి. పైన 33 డిగ్రీల నుంచి దిగేసరికి వణుకు పుడుతుంది.

సీసా మీది మాటల దగ్గర చాలామంది పొరబడతారు. ‘సెయింట్ ఎమిలియన్ గ్రాన్ క్రూ’ అని ఉంటే అది ర్యాంకు కాదు. ఎకరానికి దిగుబడి, నిలవ చేసే కాలం వంటి కొన్ని నియమాలు పాటిస్తే దొరికే భౌగోళిక గుర్తింపు మాత్రమే, వందల ఎస్టేట్లకు ఉంది. ర్యాంకు కావాలంటే ‘గ్రాన్ క్రూ క్లాసే’ అని ఉండాలి, చివరి మాటే ముఖ్యం. 1955లో మొదలైన ఈ వర్గీకరణను సుమారు పదేళ్లకోసారి సవరిస్తారు. 2022 జాబితాలో 85 ఎస్టేట్లున్నాయి. అందులో 71 గ్రాన్ క్రూ క్లాసే, 14 ప్రెమియే గ్రాన్ క్రూ క్లాసే. ఆ పద్నాలుగులోనూ పై మెట్టు మీద ఉన్నవి పావీ, ఫిజాక్ రెండే. ఓజోన్, షెవాల్ బ్లాంక్, ఆంజెలుస్ ఆ సవరణకు ముందే తప్పుకున్నాయి, కాబట్టి జాబితాలో పేరు లేనంత మాత్రాన వైన్ తక్కువదని కాదు.

శిఖరాన ఉన్న పేర్ల కోసం పాకులాడవద్దన్నది మా గట్టి సలహా. అక్కడ సందర్శన దొరకడం కష్టం, దొరికినా ఖరీదు ఎక్కువ, పోసేది ఒకటో రెండో వైన్లు. మధ్య మెట్టులోని గ్రాన్ క్రూ క్లాసే ఎస్టేటు ఒకటి, ఏ ర్యాంకూ లేని కుటుంబ ఎస్టేటు ఒకటి పెట్టుకోండి. రెండోదాంట్లో చాలాసార్లు తోట కత్తిరించిన చేతులే మీకు గ్లాసులో పోస్తాయి, అడిగిన ప్రతి ప్రశ్నకూ సమాధానం దొరుకుతుంది. మామూలు సందర్శనకు మనిషికి 15 నుంచి 30 యూరోల మధ్య ఉంటుంది, పేరు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది.

బుకింగు మూడు నుంచి ఆరు వారాల ముందు చేయండి. మెయిల్‌లో తేదీ, సమయం, ఎంతమంది, ఇంగ్లిషులో కావాలన్న మాట, తాగనివాళ్లు, పిల్లలు ఎంతమంది, ఫోన్ నంబరు దేశం కోడ్‌తో సహా ఉండాలి. తర్వాత ఇంకో అపాయింట్‌మెంట్ ఉంటే ‘మేము 12:45కి బయల్దేరాలి’ అని కూడా రాయండి. ఇది చాలామంది మరిచిపోతారు. చెప్పకపోతే ఉత్సాహంగా తిప్పేవాళ్లు రెండు గంటలు తిప్పుతారు, మధ్యలో ఆపడం ఇద్దరికీ ఇబ్బంది. జవాబు వచ్చాక డ్రైవరుకు ఎస్టేటు పేరుతో పాటు సందర్శకుల గేటు లొకేషన్ పంపండి. ఒకే పేరుతో మొదలయ్యే షాటోలు ఇక్కడ కొల్లలు, జీపీఎస్ పక్క ఊరి తోటకు తీసుకెళ్లి వదిలేయగలదు.

ఆ రోజు గడియారం

8:15కి బోర్డోలో బయల్దేరండి. ఊరి చుట్టూ ఉన్న రింగురోడ్డు ఆ సమయానికి స్తంభించి ఉంటుంది కానీ మీరు వెళ్లేది ఊరి బయటికి, ఎదురు వైపు కంటే నయం. మామూలుగా 50 నిమిషాలు పట్టే దారికి గంటకు పైగా పెట్టుకోండి. లిబోర్న్ దాటాక పెద్ద రోడ్డు కాకుండా పొమెరోల్ మీదుగా తీసుకెళ్లమని డ్రైవరును అడగండి. పది నిమిషాలు ఎక్కువైనా రోడ్డుకు రెండు వైపులా నడుము ఎత్తు తీగలు, మధ్య మధ్య చర్చి శిఖరం, ఆ దారి బాగుంటుంది. టిఫిన్ గట్టిగా తిని ఎక్కండి, అత్తరు, సెంటు వద్దు. పీపాల గదిలో ఒక్కరు సెంటు కొట్టుకుని వస్తే పక్కవాళ్లెవరికీ వైన్ వాసన తెలియదు.

9:30కి ఊరి పై భాగంలో, కొలీజియల్ చర్చి దగ్గర దింపించుకోండి. దీనికి కారణముంది. ఊరు రెండు అంతస్తుల్లా ఉంటుంది. పైన పర్యాటక కార్యాలయం, గంట గోపురం, కొలీజియల్ చర్చి. కింద మార్కెట్ కూడలి, ఏకశిలా చర్చి ద్వారం. రెంటినీ కలిపేవి ‘తెర్త్ర్’ అనే నిట్టనిలువు రాతి సందులు. పైన దిగితే ముందు పై భాగమంతా చదునుగా తిరిగి, ఒక్కసారే కిందికి దిగొచ్చు. కింద దింపితే మొదటి పది నిమిషాలకే ఆయాసం.

కొలీజియల్ చర్చి పక్కనున్న 14వ శతాబ్దపు వసారా మండపం చూసి, పర్యాటక కార్యాలయం తెరవగానే గోపురానికి టికెట్ తీసుకోండి. 196 మెట్లు, ఇరుకైన చుట్టు మెట్లదారి, చివర్లో ఎదురొచ్చేవాళ్లకు చోటివ్వడం కష్టం, అందుకే ముందుగా ఎక్కడం మంచిది. అంత ఎక్కలేమంటే ఇంకో దిక్కున రాజు బురుజు ఉంది, 13వ శతాబ్దపు కట్టడం, 118 మెట్లు. మధ్యయుగపు ఊరంతా, పెంకుటి కప్పులు, వాటి అంచునే మొదలయ్యే తీగల వరసలు ఒకే చూపులో కనిపించేది ఈ బురుజు మీది నుంచే. ఏటా సెప్టెంబరులో ఎర్ర అంగీలు వేసుకున్న జురాద్ అనే స్థానిక వైన్ సంఘం సభ్యులు కోతల ప్రారంభాన్ని ప్రకటించేదీ ఇక్కడి నుంచే. 1199లో ఇంగ్లండ్ రాజు జాన్ ఇచ్చిన అధికార పత్రంతో మొదలైన ఈ సంఘాన్ని 1948లో మళ్లీ నిలబెట్టారు. రెండూ ఎక్కనక్కర్లేదు, ఒకటి చాలు.

తర్వాత దిగుడు. తెర్త్ర్ సందుల్లో మధ్యలో ఇనుప కడ్డీ ఉన్నచోట దాన్ని పట్టుకుని దిగండి. మడమ చెప్పులు, తోలు అడుగు బూట్లు పనికిరావు. వాన పడితే ఆ రాయి సబ్బులా జారుతుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ సందుల్లో నడిపించకుండా, కారులో చుట్టు తిప్పి కింది భాగంలో పోర్త్ బుకేర్ ద్వారం దగ్గర దింపమని డ్రైవరుకు చెప్పండి.

ఏకశిలా చర్చి టూరు ఎమిలియన్ అనే సన్యాసి గుహతో మొదలవుతుంది. బ్రిటనీ నుంచి 8వ శతాబ్దంలో వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆయన పేరే ఊరికి వచ్చింది. ఆ తర్వాత ట్రినిటీ మందిరం, భూగర్భ సమాధులు, చివరికి చర్చి. లోపలికి వెళ్లాక కళ్లు చీకటికి అలవాటు పడనివ్వండి. స్తంభాలకు బిగించిన లోహపు చట్రాలు కనిపిస్తాయి. పైనున్న గంట గోపురం బరువంతా ఆ స్తంభాల మీదే పడుతుంది, నీరు ఇంకి రాయి మెత్తబడడంతో 1990లలో వాటికి ఆ దన్ను పెట్టాల్సి వచ్చింది. మీరు ఇందాక ఎక్కింది దాని మీదే అని తెలిసి పైకి చూస్తే ఆ తవ్వినవాళ్ల ధైర్యం అర్థమవుతుంది.

11:30కి కారు ఎక్కి 11:45కి మొదటి ఎస్టేటు. నోరు శుభ్రంగా, కడుపు సగం ఖాళీగా ఉండే ఈ వేళ రుచి చూడడానికి రోజులోకెల్లా మంచిది.

గ్లాసు చేతికొచ్చాక

వెంటనే తాగేయకండి. తెల్లటి కాగితం మీదికి వంచి అంచు రంగు చూడండి. ఊదా ఛాయ ఉంటే చిన్న వయసు, ఇటుక రంగు తిరిగితే పెద్దది. కదపకుండా ఒకసారి, తిప్పి ఇంకోసారి వాసన చూడండి. తర్వాత చిన్న గుక్క, నోరంతా తిప్పి, చిగుళ్లు పట్టినట్టు అనిపించే వగరును గమనించండి. ఆ వగరు పొడిగా గీరుకుంటోందా, మెత్తగా ఉందా అన్నదే ఇక్కడి వైన్‌లో పెద్ద తేడా. గైడు ఏ ఏడాది వైన్ పోస్తున్నాడో అడగండి. 2021 చల్లటి, మంచు దెబ్బ తిన్న ఏడాది, వైన్ పలచగా, తాజాగా ఉంటుంది. 2022 ఎండలు మండిన ఏడాది, వైన్ చిక్కగా, బరువుగా ఉంటుంది. రెండూ పక్కపక్కన దొరికితే వదలకండి, వాతావరణం గ్లాసులోకి ఎలా వస్తుందో అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

బల్ల మీదున్న పాత్ర ఉమ్మడానికే. ఉమ్మితే మర్యాద తప్పినట్టు అనుకుంటారేమోనని సందేహం వద్దు, వైన్ తయారుచేసేవాళ్లు అందరికంటే ముందు ఉమ్ముతారు. పెదాలు సున్నాలా చుట్టి, పాత్ర మీదికి వంగి, ఒక్క ధారగా. జడ, కండువా, టై చేత్తో పట్టుకోండి. మిగిలింది కూడా అందులోనే ఒంపేయొచ్చు. మద్యం ముట్టనివాళ్లకు చాలాచోట్ల ద్రాక్షరసం ఇస్తారు, ముందే రాసి ఉండాలి.

తోటలో వరసల మధ్యకి అడగకుండా పోకండి. వసంతం నుంచి ఆగస్టు వరకు తెగుళ్ల మందులు కొడుతుంటారు, కొట్టాక కొన్ని గంటల నుంచి రెండు రోజుల వరకు లోపలికి అడుగుపెట్టకూడదన్న నియమం ఉంది. కాయ కోసి నోట్లో వేసుకోవడం అసలు వద్దు.

భోజనం

1 గంటకు బల్ల ముందు కూర్చోవాలి. ఇక్కడి వంటశాలలు 1:30, మహా అయితే 2 దాటితే ఆర్డరు తీసుకోవు. ఎంత పేరున్న చోటైనా అంతే. వారం ముందే బల్ల బుక్ చేసుకోండి. డ్రైవరు విడిగా తినడం ఇక్కడి పద్ధతి, మీరు పిలవకపోయినా తప్పు పట్టడు.

ద్రాక్ష కొమ్మల నిప్పుల మీద కాల్చిన గొడ్డుమాంసం, బాతు కాళ్ల కొన్‌ఫీ (కొవ్వులో నెమ్మదిగా ఉడికించినవి), వసంతకాలంలో అయితే దాని రక్తంతోనూ రెడ్ వైన్‌తోనూ వండిన లాంప్రే చేప ఇక్కడి ప్రత్యేకతలు. శాకాహారులు జాగ్రత్తగా అడగాలి. సలాడ్ అని రాసినా అందులో బాతు కందనకాయలు ఉండొచ్చు, బంగాళాదుంపలు బాతు కొవ్వులో వేయించి ఉండొచ్చు. ‘సాన్ వియాంద్, సాన్ ప్వాసోన్’ అంటే మాంసం, చేప లేకుండా అని. దానికి ‘సాన్ గ్రెస్ ద కనార్’, బాతు కొవ్వు లేకుండా, కలపండి. బుక్ చేసేటప్పుడే చెబితే వంటవాడు ఏదో ఒకటి సిద్ధం చేస్తాడు, వచ్చి కూర్చున్నాక చెబితే మేక చీజ్ సలాడ్, ఆమ్లెట్‌తో సరిపెట్టుకోవాలి.

భోజనం నుంచి లేచాక ఊళ్లోని మకరోన్లు కొనండి. రంగురంగుల పారిస్ మకరోన్లు వేరు. ఇవి బాదం, చక్కెర, గుడ్డు తెల్లసొనతో చేసిన గోధుమరంగు బిళ్లలు, కాగితం అట్ట మీదే కాల్చి అలాగే పెట్టెలో పెట్టి ఇస్తారు. 1620లో ఇక్కడ స్థిరపడిన ఉర్సులిన్ సన్యాసినుల వంటకమని చెబుతారు. రెండు మూడు రోజుల్లో గట్టిపడిపోతాయి కాబట్టి దాచుకోకుండా తినేయాలి.

రెండో షాటో, సీసాలు, తిరుగు దారి

3 గంటలకు పడమటి గులకరాళ్ల ఎస్టేటు. 4:15కి అక్కడి నుంచి వస్తూ ఊరి గోడల బయట ‘గ్రాండ్ మురాయ్’ దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. డొమినికన్ సన్యాసుల మఠంలో మిగిలిన ఒకే ఒక్క గోడ, తీగల మధ్య నిలువునా నిలబడి ఉంటుంది. ఫొటో కోసం రోడ్డు మీద నుంచే సరైన కోణం దొరుకుతుంది.

సీసాలు ఎస్టేటులోనే కొంటే చవకని చాలామంది నమ్మకం. చిన్న కుటుంబ ఎస్టేటులో అది నిజమే. పెద్ద పేర్ల విషయంలో కాదు. వాళ్లు పంటనంతా బోర్డో టోకు వ్యాపారులకు అమ్మేస్తారు, దుకాణంలో ఉంచే కొన్ని సీసాల ధర బయటి కొట్ల కంటే ఎక్కువే ఉండొచ్చు. అలాంటి చోట వాళ్ల ‘రెండో వైన్’ అడగండి. అదే తోటలోని చిన్న వయసు తీగల నుంచి, ప్రధాన వైన్‌కు ఎంచుకోని పీపాల నుంచి చేసినది, ధర చాలా తక్కువ, పైగా పదేళ్లు దాచకుండానే తాగొచ్చు. ఊళ్లో ఉచితంగా రుచి చూపించే కొట్లలో ‘ఇంటికి పంపిస్తాం’ అని పెట్టెలకు పెట్టెలు అంటగట్టేవాళ్లుంటారు. రవాణా, సుంకం కలిపి చివరి మొత్తం కాగితం మీద చూడకుండా కార్డు ఇవ్వకండి.

ఒక సీసా బరువు కిలో పావు నుంచి కిలోన్నర. ఆరు సీసాల పెట్టె ఎనిమిది కిలోలు దాటుతుంది. విమానంలో చేతిసంచిలో కుదరదు, బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టాలి. ఎండాకాలంలో ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేస్తే వైన్ ఉడికిపోవచ్చు, బిరడా పైకి తన్నుకురావచ్చు, తర్వాత ఎంత చల్లబరిచినా ఆ రుచి తిరిగి రాదు. అందుకే కొనడం రెండో ఎస్టేటులోనే పెట్టుకోండి. మొదటిదాంట్లో నచ్చితే అక్కడే ఉంచమని చెప్పి, తిరుగు దారిలో తీసుకోవచ్చు. లేదంటే థర్మోకోల్ పెట్టె తెమ్మని డ్రైవరుకు ముందురోజే చెప్పండి.

4:30కి బయల్దేరితే 5:30కి బోర్డో అంచుకు వస్తారు, సరిగ్గా ఆఫీసులు వదిలే వేళ. ఆరు తర్వాత రైలు పట్టుకోవాల్సి ఉంటే ఈ దారిని నమ్ముకోకండి, లిబోర్న్ స్టేషన్‌లో దింపించుకుని అక్కడి నుంచి రైలెక్కండి. రైలు తొందర లేకపోతే ఊళ్లోనే కొర్డెలియే మఠం శిథిలాల తోటలో గంటసేపు కూర్చుని, ఆరున్నరకు కదిలితే రింగురోడ్డు ఖాళీ అవుతుంది. కానీ అప్పుడు డ్రైవరు గంటలు పెరుగుతాయి, బేరం కుదుర్చుకున్న రోజే ఆ అదనపు గంటను కలిపి మాట్లాడుకోండి. టిప్ ఇవ్వాలన్న నియమం ఫ్రాన్సులో లేదు, రోజంతా బాగా చూసుకున్నాడనిపిస్తే 10, 20 యూరోలు చేతిలో పెడితే సంతోషిస్తాడు.